ఊరుమ్మడి సర్వరు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై నార్కెట్‌పల్లి దాటిన పిమ్మట, నకిరేకల్లు చేరక మునుపే కట్టంగూరు వచ్చును. ఇది నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రము. ఆ పేరు వినగానే తెలుగువాని చెవికి చెఱువుకట్ట స్ఫురించును. ఈ మండలములోనే చెఱువు అన్నారము అను గ్రామము కూడ కలదు. జీవనదులు పాఱని ఈ మెట్టనేలలో పూర్వులు పల్లము చూచి కట్ట పోసి, పడిన వాననీటిని చెఱువులలో నిలుపుకొని బ్రతికిరి.

చెఱువు ఒక్కరిది కాదు, ఊరందరిది. దాని నీటిని పొలములకు పంచుటకు నీరటి అను కాపరి యుండెడివాడు. తూము ఎప్పుడు తెఱవవలెనో, ఎంతసేపు తెఱవవలెనో, ఏ పొలమునకు ముందు నీరు పాఱవలెనో అతనికి తెలియును. నీరు మితిమీరినచో అలుగు మీదుగా పొర్లి క్రింది ఊరి చెఱువునకు చేరును. ఇట్లు ఒకదాని నీరు మఱియొకదానికి అందు చెఱువులను గొలుసుకట్టు చెఱువు లందురు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ అను పేరుతో చెఱువుల పూడిక తీయుట ఆరంభించినప్పుడు లెక్కకు వచ్చిన చెఱువులు 46 వేలకు పైబడినవి.

చెఱువు ఊరి నీటిని నిలుపును. ఊరి మాటను నిలుపునది రచ్చబండ. పంట ధరలు, పెండ్లి కబుర్లు, తగవులు, పరాచికాలు అన్నియు అక్కడనే నడచెడివి. నేడు ఆ మాటలలో పెక్కు చేతిలోని ఫోనులోనికి చేరినవి. పొలము గట్టున కూర్చున్న రైతు తన పత్తిచేను బొమ్మను తీసి పంపును. దుబాయిలోనున్న అన్న దానిని చూచి బదులు వ్రాయును. ఇది వింతగా తోచుట మానివేసి చాలకాల మైనది. అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. ఆ మాటలు, ఆ బొమ్మలు నిజముగా ఎక్కడ నున్నవి?

అవి సర్వరు అను కంప్యూటరులో నున్నవి. సర్వరు అనగా పగలు రాత్రి ఆగక పని చేయుచు, అడిగినవారికి అడిగినదానిని అందించు కంప్యూటరు. మన బల్లమీది కంప్యూటరునకును దానికిని జాతిభేదము లేదు. ఉద్యోగభేదము మాత్రమే కలదు. ఫోనులో ఒక బొమ్మను తాకినపుడు ఆ ఫోను సర్వరును అడుగును, సర్వరు ఇచ్చును, ఫోను చూపును. అనగా ఫోను కిటికీ వంటిది. ఇల్లు వేఱొకచోట నున్నది.

ఆ ఇల్లు ఎవరిది? సాధారణముగా ఒక పెద్ద కంపెనీది. ఆ కంపెనీ వేలకొలది సర్వర్లను నడుపుచు, జనమునకు వెల లేకుండ చోటిచ్చి, ప్రకటనల వలన ఆదాయము పొందును. ఇందు సౌకర్య మున్నది, కాదనరాదు. కాని ఇంటి యజమాని ఇల్లు మూసిన నాడు లోనున్నవారు వీధిలో పడుదురు. ఒకప్పుడు మన దేశమున కాలేజీ విద్యార్థులకు ప్రాణమై యుండిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడెను. బెంగుళూరులో 2020లో పుట్టి, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో మాటాడుకొనుటకు వీలు కల్పించిన కూ 2024 జూలైలో మూతపడెను. ట్విట్టర్ మూతపడలేదు గాని, 2022 అక్టోబరు 27న చేతులు మాఱినది. 44 వందల కోట్ల డాలర్లకు ఎలాన్ మస్క్ దానిని కొనెను. మఱుసటి యేడు పేరే మాఱినది. ఈ మార్పులలో దేనికిని అక్కడ మాటాడుకొనుచున్నవారి అనుమతి అవసరము లేకపోయెను.

అట్లయిన ఊరుమ్మడిగా చెఱువు త్రవ్వుకొనినట్లు, కొందఱు కలిసి ఒక సర్వరును తామే నడుపుకొనరాదా? నడుపుకొనవచ్చును, నడుపుకొనుచున్నారు కూడ. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1979లో అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రములో రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థులు యూజ్‌నెట్ అను ఏర్పాటును తలపెట్టిరి. మఱుసటి యేడు అది నడచుట మొదలిడెను. దానికి నడుమ ఒక యజమాని లేడు. ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన కంప్యూటరును తానే నడుపుకొనుచు, తనయొద్దకు వచ్చిన జాబులను పొరుగువారికి అందించెడిది. వారు తమ పొరుగువారికి అందించెడివారు. 1990ల తొలినాళ్ళలో విదేశములలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ఈ యూజ్‌నెట్‌లోనే తమకొక చర్చావేదికను ఏర్పఱచుకొనిరి. అప్పటి కంప్యూటర్లకు తెలుగు లిపి తెలియదు. కనుక వారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతోనే వ్రాసికొనిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగువారు అట్టి వ్రాతకు ఒక పద్ధతిని కూడ కల్పించిరి. గొలుసుకట్టు చెఱువుల వంటి ఆ ఏర్పాటులో తెలుగు మాట ఖండాంతరములు దాటెను.

అదే భావమునకు నేటి రూపము మాస్టొడాన్. దీనిని 2016లో జర్మనీలో నివసించు యూజెన్ రాచ్కో అను యువకుడు వెలువరించెను. ఇది ఒక కంపెనీవారి అంగడి కాదు. ఎవరైనను వెల లేకుండ దింపుకొని తమ కంప్యూటరులో నడుపుకొనదగిన స్వతంత్ర సాఫ్టువేరు. ఒక సర్వరులోనివారు మఱియొక సర్వరులోనివారితో మాటాడుకొనుటకు యాక్టివిటీపబ్ అను ఉమ్మడి మర్యాద యున్నది. 2018 జనవరిలో ప్రపంచ వెబ్ ప్రమాణముల సంఘము దానిని ఆమోదించెను. కట్టంగూరులో వేసిన ఉత్తరము నకిరేకల్లు తపాలా కార్యాలయమునకు చేరుటకు ఆ రెండు కార్యాలయములు ఒకే గదిలో నుండనక్కఱలేదు. చిరునామా వ్రాయు పద్ధతి, సంచి కట్టు పద్ధతి ఒకటైనచో చాలును. ఇదియు నట్టిదే.

ఈ తపాలా కార్యాలయముతోనే పోల్చి చూచినచో సర్వరు లోపలి పనులు తేటపడును. తపాలా కార్యాలయమున మొదట కిటికీ యుండును. వచ్చినవారికి బదులు చెప్పుట దాని పని. సర్వరులో వెబ్ ప్రోగ్రాము ఆ పని చేయును. కిటికీ వెనుక ఖాతాపుస్తకము లుండును. సర్వరులో వానిని డేటాబేసు అందురు; ఎవరు ఎవరు, ఎవరు ఏమి వ్రాసిరి, ఎవరు ఎవరిని అనుసరించుచున్నారు అను సమస్తము అందే యుండును. ఆవల ఉత్తరములను వేఱుచేసి సంచులు కట్టు గది యుండును. సర్వరులో అది పనుల వరుస. వ్రాసినవానిని నిలువబెట్టక, "సరే, అందినది" అని పంపివేసి, తక్కిన బట్వాడా పని ఈ వరుసలో జరుగును. చివరకు పార్సిళ్ళు పెట్టు కొట్టు ఉండును. బొమ్మలు, వీడియోలు చేరుచోటు అది. ఈ నాలుగును చిన్న సర్వరులో ఒకే కంప్యూటరునందు ఇముడును. ఇరువదిమంది స్నేహితులకు అది చాలును.

జనము పెరిగిన కొలది ఏమగును? ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక సర్వరులో 1,000 మంది యున్నారనుకొందము. ఒక్కొక్కరు దినమునకు ఐదు మాటలు వ్రాయుదురు. ఒక్కొక్క మాటను చదువువారు సగటున 100 ఇతర సర్వర్లలో నున్నారు. ఒక సర్వరులో చదువువారు పదిమంది యున్నను అచ్చటికి ఒక్క సంచి పంపినచో చాలును. అయినను దినమునకు 1,000 × 5 × 100, అనగా 5 లక్షల బట్వాడాలు. దినమునకు 86,400 సెకండ్లు. కనుక సెకండునకు సుమారు ఆఱు బట్వాడాలు జరుగవలెను. ఇది సగటు లెక్క. కాని జనము అన్ని జాములలో సమముగా మాటాడరు. క్రికెట్ పోటీ ముగిసిన సాయంకాలము ఒక్క గంటలో దినమంతటి పని వచ్చి పడును. చెఱువు కట్టను సగటు వానకు కట్టరు, పెద్దవానకు కట్టుదురు. సర్వరునకును అదే సూత్రము.

బొమ్మల సంగతి వేఱు. ఆ వేయిమందియు దినమునకు రెండేసి బొమ్మలు పెట్టిరనుకొందము. కుదించిన పిమ్మట ఒక్కొక్క బొమ్మ అర మెగాబైటు అయినచో దినమునకు ఒక గిగాబైటు. ఏడాదికి 365 గిగాబైట్లు. పైగా ఇతర సర్వర్ల నుండి వచ్చిన బొమ్మల నకళ్ళు కూడ ఇచ్చట చేరును. తఱచు సొంత బొమ్మలకంటె ఈ నకళ్ళే ఎక్కువ. ఇవి చెఱువులో పూడిక వంటివి. కొన్ని దినములైన పిమ్మట పాత నకళ్ళను తొలగించునట్లు ఏర్పాటు చేయనిచో, ఒకనాడు చోటు నిండి సర్వరు నిలిచిపోవును. తొలగించినందున నష్టము లేదు. ఎవరైన అడిగినచో అసలు చోటి నుండి మరల తెచ్చుకొనవచ్చును.

పెద్దవాన నిజముగా వచ్చిన సందర్భమొకటి కలదు. ట్విట్టర్ చేతులు మాఱిన వెంటనే, 2022 నవంబరులో, జనము గుంపులుగా మాస్టొడాన్ సర్వర్లకు తరలివచ్చిరి. అన్ని సర్వర్లలో కలిపి నెలకు సుమారు 3 లక్షలుగా నుండిన వాడుకరుల సంఖ్య ఆ ఒక్క నెలలో 25 లక్షలైనది. మన దేశమున 2019 నవంబరులోనే, ఒక సుప్రీంకోర్టు న్యాయవాది ట్విట్టర్ ఖాతాను నిలిపివేసినందుకు నిరసనగా, ఇటువంటి వలస చిన్నయెత్తున జరిగెను. ఈ రెండవ వఱద అంతకు పలురెట్లు పెద్దది.

అమెరికాలోని సియాటిల్ నగరమున క్రిస్ నోవా అను ఇంజనీరు తన ఇంటి నేలమాళిగలోని కంప్యూటర్లలో హాకిడర్మ్ అను సర్వరును నడుపుచుండెను. నవంబరు ఆరంభమున అందులో సుమారు 700 మంది యుండిరి. నెల తిరుగుసరికి 30,000 మంది యైరి. మొదట కొంద ఱికి బొమ్మలు కనబడుట ఆలస్యమైనది. పిమ్మట బట్వాడా వరుస గంటలకొలది వెనుకబడినది. తుదకు కిటికీయే మూతపడినట్లు, అడిగినవారికి "లోపము" అను బదులు రాసాగెను.

ఆమెయు, ఆమెతో కలిసి పనిచేసిన స్వచ్ఛంద సేవకులును కారణమును వెదకిరి. కంప్యూటరు ఆలోచించు వేగమున కొఱత లేదు. లోపము డిస్కులలో నుండెను. ఖాతాపుస్తకములును, బొమ్మల కొట్టును ఒకే కంప్యూటరు డిస్కులపై నుండెను. ఆ డిస్కులు నెమ్మదించెను. తక్కిన కంప్యూటర్లన్నియు ఆ ఒక్కదానివైపు చూచుచు నిలిచిపోయెను. పది కాలువలు త్రవ్వినను తూము ఒక్కటే యైనచో, ఆ తూము పూడినచో, ఏమి లాభము? ఈ స్థితిలో క్రొత్త కంప్యూటర్లను చేర్చుట వలన మేలు కలుగదు. ఎదురుచూచువారి సంఖ్య మాత్రమే పెరుగును. సర్వరు పెంపకమున మొదటి పాఠ మిదియే: ఇరుకు ఎక్కడనో కొలిచి తెలిసికొనక మునుపు ఏమియు చేర్చరాదు.

వారు చేసిన చికిత్స పనులను విడదీయుట. మొదట బొమ్మలను అద్దెకు దొఱకు వేఱొక నిలువకు మార్చిరి. పిమ్మట బట్వాడా పనిని, కిటికీ పనిని, ఖాతాపుస్తకములను ఒకటొకటిగా జర్మనీలోని ఒక డేటాకేంద్రములోని యంత్రములకు తరలించిరి. డేటాకేంద్ర మనగా విద్యుత్తు, చల్లదనము, ఇంటర్నెట్ తెంపులేకుండ నుండునట్లు సర్వర్ల కొఱకే కట్టిన భవనము. 2022 డిసెంబరు నాటికి ఆ సర్వరు నేలమాళిగను విడిచిపెట్టినది. జరిగిన పొరపాట్లను దాచక, ఏమి చెడినదో, ఎట్లు బాగైనదో వారు బహిరంగముగా వ్రాసి ప్రకటించిరి. ఆ వ్రాత తరువాతివారికి దారిదీప మైనది.

యంత్రము బాగుపడుటతో కథ ముగియలేదు. ఒక్కరి ఇంటిలో పుట్టిన దానిని ఒక్కరి చేతిలోనే యుంచరాదని వారు తలంచి, నివెన్లీ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థను ఏర్పఱచి సర్వరు బాధ్యతను దానికి అప్పగించిరి. 2023 ఆగస్టులో క్రిస్ నోవా ఒక ప్రమాదమున అకాలమరణము చెందెను. సర్వరు ఆగలేదు. తాళపుచెవులు మఱికొందఱి చేతులలో కూడ నుండెను. పని తెలిసినవారు మఱికొందఱుండిరి. నీరటి పోయినను చెఱువు మిగులవలెనన్నచో నీరటి పని తెలిసినవారు ఊరిలో ఒక్కరికంటె ఎక్కువ యుండవలెను.

ఈ పాఠములు కట్టంగూరు వంటి చోట ఎట్లు పనికివచ్చును? ఒక పాఠశాల పూర్వవిద్యార్థులు రెండువందలమంది కలిసి తమకొక సర్వరు కావలెనని తలంచి రనుకొందము. వారికి ముప్పదివేలమంది బరువు లేదు. ఒక మోస్తరు యంత్రము చాలును. దానిని ఇంటిలో పెట్టుట సాధ్యమే గాని, చిక్కులు గలవు. కరెంటు పోయిన గంటసేపు ఊరుమ్మడి మాటయు పోవును. ఇంటి ఇంటర్నెట్ తీగలో వచ్చు వేగము హెచ్చు, పోవు వేగము తఱచు తక్కువ. సర్వరునకు పోవు వేగమే ముఖ్యము. ఇంటి కనెక్షను చిరునామా కూడ మాటిమాటికి మాఱవచ్చును. చిరునామా మాఱు తపాలా కార్యాలయమునకు ఉత్తరములు చేరుట కష్టము. అందువలన నేర్చుకొనుటకు ఇంటి యంత్రము, నడుపుటకు డేటాకేంద్రములో అద్దె యంత్రము తగినవి. ఆ అద్దె అందఱు పంచుకొనినచో ఒక్కొక్కరిపై పడు భారము స్వల్పము. పని నేర్చుకొనదలచిన విద్యార్థులకు మన రాష్ట్రములోనే ఆధారము కలదు. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థ 2005 నుండి స్వతంత్ర సాఫ్టువేరును విద్యార్థులలో ప్రచారము చేయుచున్నది. తెలుగులో పనిచేయు ఆపరేటింగు సిస్టమును కూడ రూపొందించినది.

సొమ్ముకంటె ముఖ్యమైనవి మఱి మూడు గలవు. మొదటిది నకలు. ఖాతాపుస్తకముల నకలును ప్రతిదినము తీసి, వేఱొక ఊరిలోని వేఱొక యంత్రములో దాచవలెను. అంతటితో చాలదు. ఆ నకలు నుండి సర్వరును మరల నిలబెట్టగలమా అని అప్పుడప్పుడు నిజముగా నిలబెట్టి చూడవలెను. పరీక్షింపని నకలు నమ్మదగినది కాదు.

రెండవది అలుగు. బరువు మించినపుడు క్రొత్తవారిని చేర్చుకొనుట కొన్నాళ్ళు ఆపవలెను. ఇందు అవమానము లేదు. గొలుసుకట్టులో మఱియొక సర్వరు ఉండనే యున్నది. అచ్చట చేరినవారు కూడ ఇచ్చటివారితో మాటాడగలరు. నీటినంతను తానే నిలుపుకొనజూచిన చెఱువునకు గండి పడును.

మూడవది తీర్పు. మనుష్యులు చేరినచోట మంచిమాటతోబాటు తిట్లు, అబద్ధములు, మోసములు కూడ చేరును. ఏది తొలగింపవలెనో, ఎవరిని మందలింపవలెనో నిర్ణయించుటకు ముందుగానే నియమములు వ్రాసికొని, అందఱికి తెలియజెప్పి, అందఱికి సమముగా అమలు జరుపవలెను. మన దేశమున 2021లో వచ్చిన సమాచార సాంకేతిక నియమములు 50 లక్షలకు మించిన వాడుకరులు గల వేదికలపై ఎక్కువ బాధ్యతల నుంచినవి. అయినను ఇతరుల మాటలకు చోటిచ్చు చిన్న వేదిక కూడ ఫిర్యాదులు స్వీకరించు అధికారి పేరును ప్రకటింపవలెనని ఆ నియమములు చెప్పుచున్నవి. చిన్నతనము బాధ్యతను తప్పింపదు. పెద్ద కంపెనీ తీర్పు నచ్చక సొంత రచ్చబండ కట్టుకొన్నవారు, ఆ తీర్పుచెప్పు కష్టమును కూడ తామే మోయవలెను. సొంత సర్వరు వెల ఇందే యున్నది. యంత్రముల అద్దెలో లేదు.

సొంత సర్వరు అందఱికి అక్కఱ కాకపోవచ్చును. ఊరిలో ప్రతియింటికి ఒక చెఱువు ఉండదు. కాని తన మాట ఎక్కడ నిలుచుచున్నదో, ఆ కట్టను ఎవరు కాచుచున్నారో, అది తెగినచో ఏమి మిగులునో ప్రతివాడును తెలిసికొనవలెను. తెలిసికొన్నవాడు ఇతరుల రచ్చబండపై కూర్చున్నను తన వ్రాతలకు, బొమ్మలకు ఒక నకలు తనయొద్ద నుంచుకొనును. నడుపగలవాడు నలుగురిని కూడగట్టి ఒక చిన్న సర్వరు నిలుపును.

పూర్వము పెద్దవాన కురియు రాత్రులలో నీరటి లాంతరు పట్టుకొని, పార భుజమున వేసికొని కట్టమీదికి పోయెడివాడు. కట్టలో ఎక్కడైన నీరు ఊరుచున్నదేమో తడవి చూచెడివాడు. అతని వెంట పోవుటకు ఇద్దఱు ముగ్గురు లేచిన ఊరిలో చెఱువు నిలిచెడిది. సర్వరు కట్టలో మన్ను లేదు. అయినను దానికి కావలసినది ఆ మెలకువయే.